కప్ప ఈతలో 56.88

రాత్రి నిద్రపట్టక ఫోన్ తిప్పుతుంటే 2019 గ్వాంగ్జూ ప్రపంచ ఈత పోటీల వీడియో కళ్లబడింది. మగవాళ్ల 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్, బ్రిటన్ ఆడమ్ పీటీ. ఫైనల్ కూడా కాదండీ, ఉత్త సెమీఫైనల్! గోడ తాకి వెనక్కి తిరిగేసరికి బోర్డు మీద 56.88. అప్పటిదాకా 57 సెకన్ల లోపు ఈదినవాడు ఒక్కడూ లేడు. మర్నాడు 57.14తో బంగారం కొట్టాడు. రెండో వాడు జేమ్స్ విల్బీ 58.46. ఈ ఈతలో అంత తేడా అంటే పక్కవాడింకా ఊళ్లోనే ఉన్నట్టు.

కప్ప ఈతే కదా అనుకుంటాం. నాలుగు ఈతల్లోకీ నెమ్మది ఇదే మరి. కాళ్లు మడిచిన ప్రతిసారీ తొడలు నీళ్లకి అడ్డంపడి బ్రేకేసినట్టవుతుంది. మళ్లీ తన్నాలి, మళ్లీ బ్రేకు. పైగా గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి.

అదే మనిషి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 59.05. ఇటలీ మార్టినెంగి 59.03! దక్కిన వెండి కూడా అమెరికా నిక్ ఫింక్‌తో పంచుకోవాల్సి వచ్చింది. నాకైతే గుండె కలుక్కుమంది.

అన్నట్టు, చిన్నప్పుడు ఈ పీటీకి స్నానాల తొట్టంటేనే హడలట. నీళ్లుపోయే కన్నంలోంచి షార్క్ వస్తుందని అన్నలు బెదిరించారట. తలస్నానానికి ఏడుస్తున్న మావాడికి ధైర్యంగా ఉంటుందని పొద్దున ఇదంతా చెప్పాను.

ఇప్పుడు బాత్రూం గుమ్మం కూడా తొక్కడం లేదు.