తోకలేని టెలిఫోను

టెలిఫోనుకు తోక వున్నన్నాళ్ళూ మనం దాని చుట్టూ తిరిగాం. అది నడవలో గూట్లో కూర్చుని కేక వేసేది. ఇల్లాలు పొయ్యి మీద పాలు వదిలి, ఇంటాయన సగం గీసిన గడ్డంతో, పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దాని దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. యజమాని పిలిస్తే నౌకరు రావటం లోకంలో వున్నదే గాని, నౌకరు పిలిస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తటం టెలిఫోను తెచ్చిన వింత. తోకలేని టెలిఫోను వచ్చాక ఆ వింత తీరింది. ఇప్పుడు అదే మన వెంట వస్తుంది. అయితే వెంట వచ్చే వాళ్ళందరూ ఆపదలో నిలబడతారా అన్నది వేరే ప్రశ్న. మనుషుల సంగతి నేను చెప్పలేను గాని, టెలిఫోను సంగతి కొంత చెప్పగలను.

పుల్లలచెరువులో మా అమ్మ ఒక్కతే వుంటుంది. నల్లమల దాపున వున్న ఊరు. మార్కాపురం వైపు పల్లెలన్నీ 1970 దాకా కర్నూలు జిల్లాలో వుండి, ఆ ఏడు కొత్త జిల్లాలోకి వచ్చినై. జిల్లా ఏదైతేనేం, పెద్దాసుపత్రి మాత్రం ఎప్పుడూ దూరమే. అంచేత అక్కడ ఒంటరిగా వుండే పెద్దవాళ్ళకు టెలిఫోను అలంకారం కాదు. ఊతకర్ర లాంటిది.

మాది రాతి గోడల ఇల్లు. కింద నాపరాళ్ళు. ఫోను నడవలో వుండేది, అమ్మ వంటింట్లోనో పెరట్లోనో వుండేది. డెబ్బై దాటిన మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. గంట ఆగిపోయేలోగా అందుకోవాలని తడికాళ్ళతో నాపరాళ్ళ మీద గబగబా నడిచేది. నేను ఇక్కడ నంబరు నొక్కి, అక్కడ ఆవిడ ఎలా వస్తున్నదో వూహించుకుంటూ వుంటే, ఆ మోగే ప్రతి గంటా నా గుండెలో మోగేది. కొడుకు క్షేమం అడగబోయి తల్లి కాలు విరగ్గొట్టటం ఎంతమాత్రం భావ్యం కాదు గదా!

సెల్‌ఫోను కొనిస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. కొనిచ్చాం. ఆ రాతి గోడల మధ్య దానికి సిగ్నలు ఒక గదిలో వుంటే మరో గదిలో వుండదు. అద్దం మీద వేలు రాస్తే పలికే ఫోను అమ్మకు నచ్చలేదు. "గట్టిగా నొక్కుదామంటే మీట లేదు, ఇదేం ఫోను నాయనా!" అన్నది. పైగా చుట్టాలందరికీ నోటికొచ్చిన నంబరు పాత నంబరే. కనుక పాత లైను వుంచి, దానికి తోకలేని ఫోను తగిలిద్దామన్నది నా ఆలోచన.

ఈ సంగతి తెలిసి అమెరికాలో వున్న మా తమ్ముడు వచ్చేటప్పుడు అక్కడి ఫోను ఒకటి తెచ్చాడు. చూడ ముచ్చటగా వుంది. పెట్టె తిప్పి అడుగున వున్న సన్న అక్షరాలు చదివి, మళ్ళీ వాడి చేతికే ఇచ్చాను. దానికి రెండు చిక్కులున్నై. అక్కడి ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు, మన ఇళ్ళలో 230. ఆ ప్లగ్గును మన గోడకు పెడితే పొగ వస్తుందే గాని మాట రాదు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొంటే ఆ చిక్కు తీరుతుంది. రెండోది డబ్బుతో తీరేది కాదు. డెక్ట్ 6.0 అనే ఆ అమెరికా రకం 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ తరంగాల మీద మాట్లాడుతుంది. 3జీ సెల్‌ఫోన్ల బాట సరిగ్గా 1920 దగ్గరే మొదలవుతుంది. మన ఇంట్లో మాట్లాడుకునే మాట వీధిలో వాళ్ళ సెల్‌ఫోన్లకు అడ్డు పడుతుందన్నమాట. అందుకే ఆ రకాన్ని ఇక్కడ వాడరాదు. పరదేశం నుంచి పిల్లలు ప్రేమతో తెచ్చే ఫోను విషయంలో మొగమాటం పనికిరాదు. మన దేశంలో అమ్మే రకమే, 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ వరకు వున్న బాటలో నడిచేది, కొన్నాం.

తీగ లేకుండా మాట పంపాలన్న ఆశ ఇవాళ్టిది కాదు. ఇంట్లో పీఠం, చేతిలో రిసీవరు, మధ్య రేడియో అన్న ఏర్పాటుకు అమెరికాలో జార్జి స్వైగర్ట్ అనే రేడియో అభిమాని 1969లో పేటెంటు పొందాడు. ఇవాళ మనం కొనేవాటిలోనూ జరిగేది అదే. తీగ అసలు లేదనుకోవటం పొరపాటు. వీధి స్తంభం నుంచి పీఠం దాకా తీగ వున్నది. పీఠం నుంచి చెవి దాకానే లేదు. ఆ పీఠానికి గోడలో కరెంటు కావాలి, రిసీవరుకు కడుపులో బ్యాటరీ కావాలి. ఈ మూడూ గుర్తున్న వాళ్ళకు ఆ ఫోనుతో ఇబ్బంది లేదు.

బిగించటం పెద్ద విద్యేమీ కాదు. పీఠాన్ని ఇంటికి నడుమ, నడుమెత్తుకు పైన వున్న గూట్లో పెట్టాను. టీవీకి, ఫ్రిజ్జికి, ఇనప బీరువాకు దూరంగా వుండాలి; ఇనుము చాటున రేడియో మాట నీరసిస్తుంది. రిసీవరులో దానితోపాటు ఇచ్చిన, మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకునే బ్యాటరీలే వేయాలి. టార్చిలైటులో వేసుకునే మామూలు బ్యాటరీలు వేసి పీఠం మీద పెడితే అవి కారతై, ఒక్కోసారి పగులుతై. మొదటిసారి రాత్రంతా, అంటే పదిహేను పదహారు గంటలు, చార్జి కానిచ్చి తెల్లవారి గాని మాట్లాడనివ్వలేదు. అమ్మ ఆ రాత్రి రెండుసార్లు లేచి, పొదిగే కోడిని చూసినట్టు దాన్ని చూసి వెళ్ళింది.

మర్నాడు రిసీవరు చెవిన పెట్టుకుని ఇల్లంతా తిరిగాం. ఆరుబయట మూడువందల మీటర్లు, ఇంట్లో యాభై మీటర్లు పలుకుతుందని దానితో ఇచ్చిన పుస్తకంలో వున్నది. ఆ పుస్తకం రాసినవాళ్ళు మా ఇంటి గోడలు చూడలేదు! వంటింట్లో బాగానే పలికింది. పెరట్లో పలికింది. గొడ్ల చావిడి దాటేసరికి కూతలు కూసి ఆగిపోయింది. అక్కడ ఒక రాయి పాతి, "దీని హద్దు ఇది" అని చెప్పాను. పీఠం మీద ఒక మీట నొక్కితే రిసీవరు ఎక్కడున్నా మోగుతుంది. తలగడ కిందా బియ్యం డబ్బా మీదా పడివుండే రిసీవరును వెతకటానికి ఆ మీట ఎంతో ఉపకారం చేసింది.

రహస్యం సంగతి కూడా చెప్పాలి. మొదటి తరం తోకలేని ఫోన్లలో మాట ఉన్నదున్నట్టు గాలిలో పోయేది. తగిన రేడియో వున్న పొరుగువాడు ఇంటి గుట్టంతా వినగలిగేవాడు. అలాంటి పాత ఫోను ఎవరింట్లోనైనా వుంటే, దాంట్లో బ్యాంకు లెక్కలూ పెళ్ళి బేరాలూ మాట్లాడకపోవటం మంచిది. డెక్ట్ రకంలో మాటను అంకెలుగా మార్చి, సాధారణంగా చిక్కుముడి వేసి పంపుతారు. దానికొక రహస్య సంఖ్య వుంటుంది. కొన్ననాడు అది చాలావాటిలో నాలుగు సున్నాలే. తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు దాన్ని అలా వదలరాదు. మార్చి, ఆ సంఖ్య డైరీలో రాసిపెట్టాను. ఇక ఈ తరంగాల వల్ల ఒంటికేమన్నా అవుతుందా అని అడిగేవాళ్ళున్నారు. మాట్లాడేటప్పుడు రిసీవరు పంపే శక్తి సగటున పది మిల్లీవాట్లు, సెల్‌ఫోను గరిష్ఠంగా పంపగలిగిన దానికంటే చాలా తక్కువ. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్న వాళ్ళు మాత్రం రిసీవరును చొక్కా జేబులో వేసుకోరాదు. జానెడు దూరం వుంచాలి.

ఇదంతా అయిన తరువాత చేసిన పని ఒకటి వుంది. అన్నిటిలోకీ ముఖ్యమైనది అదేననుకుంటాను. అమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని మెయిన్ స్విచ్ ఆపాను. రిసీవరు చేతికిచ్చి మాట్లాడమన్నాను. దానిలో ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ నిండుగానే వున్నది గాని, పీఠం చచ్చిపోయింది. తరువాత నడవలో పాత ఫోను ఎత్తించాను. గుర్రుమని పలికింది.

"దీనికి కరెంటు అక్కర్లేదా?" అన్నది అమ్మ.

దానికి కావలసిన కరెంటు ఎక్స్‌ఛేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీల నుంచి, 48 వోల్టుల చొప్పున, మాట నడిచే రాగి తీగ వెంటే వస్తుందని చెప్పాను. ఊళ్ళో కరెంటు పోయినా ఆ బ్యాటరీల్లో శక్తి వున్నంతసేపూ అది పలుకుతుంది.

అమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే కొత్తది లాంతరు లాంటిది. మనం చమురు పోస్తేనే వెలుగుద్ది. పాతది బావి లాంటిది. నీళ్ళు యాడనుంచో వాటంతటవే వూరతయ్" అన్నది. ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఇంత పొందికైన ఉపమానం తోచలేదు.

అంచేత పాత ఫోను తీసేయలేదు. ఒకే లైనుకు రెండూ తగిలించాం. దాని పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో నా నంబరు, పక్కింటివాళ్ళ నంబరు, 108 రాశాం. అంబులెన్సు కోసం 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ మూడంకెలు ఇప్పుడు పల్లెపల్లెకూ తెలుసు గాని, గాభరాలో తెలిసినవే మరిచిపోతాం.

మరునాటి వేసవిలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. మబ్బు కమ్మగానే అమ్మ చెప్పిన ప్రకారం కొత్త పీఠానికున్న రెండు ప్లగ్గులూ, కరెంటుదీ లైనుదీ, పీకేసింది. మాట్లాడే మనిషికి తోకలేని ఫోనుతో పిడుగు భయం లేదు గాని, పీఠానికి వున్నది. మెరుపు దూరాన స్తంభం మీద పడినా తీగ వెంట వచ్చి దాన్ని మాడ్చగలదు. ఉరుములు నెత్తిమీదికి వచ్చాక ప్లగ్గుల జోలికి పోకూడదు. తీగ వున్న ఫోనునైతే ఉరుముతున్నంతసేపూ ముట్టుకోనే రాదు.

ఉరుములు సద్దుమణిగి, వాన సన్నగిల్లి, చీకటి మాత్రం అలాగే వున్న వేళ పక్కింటి కోడలు తలుపు కొట్టింది. మామగారికి గుండెలో నొప్పి. వాళ్ళ సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. అమ్మ లాంతరు పట్టుకుని, ఈసారి పరుగెత్తకుండా గోడ పట్టుకుని నడిచి, పాత ఫోను ఎత్తి 108 చెప్పింది. బండి వచ్చింది. ఆ పెద్దాయన బతికి ఇంటికి వచ్చి, ఆ పాత ఫోనుకు పసుపు కుంకాలు పెట్టిస్తానని కొన్నాళ్ళు వేళాకోళం ఆడాడు.

కథ అక్కడితో ఆగితే తేలికగానే వుండేది. కాని ఇప్పుడు రాగి తీగలు పోతున్నై. వాటి బదులు గాజు తీగ వస్తున్నది. మాట వెలుగుగా మారి దాని వెంట నడుస్తుంది. ఇందులోనూ కొత్త లేదు సుమండీ! టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్లే 1880లో వాషింగ్టనులో ఎండ వెలుగు మీద మాటను 213 మీటర్ల దూరం పంపి చూశాడు. మబ్బు పడితే ఆ మాట ఆగిపోయేది. ఇవాళ్టి వెలుగుకు మబ్బు అడ్డం లేదు గాని, కరెంటు కోత అడ్డం. గాజు తీగ వెంట వెలుగు వస్తుందే గాని ఫోనును నడిపే కరెంటు రాదు. ఆ వెలుగును తిరిగి మాటగా మార్చే పెట్టె మన ఇంటి కరెంటుతో నడుస్తుంది. అంటే తోక వున్న పాత ఫోను కూడా ఆ పెట్టెకు తగిలిస్తే చీకట్లో మూగబోతుంది. అమ్మ మాటల్లో చెప్పాలంటే బావి పూడింది. ఇక రెండూ లాంతర్లే.

ఇది మన ఒక్కరి బాధ కాదు. బ్రిటనులో రాగి టెలిఫోను వ్యవస్థను 2027 జనవరి నాటికి ఆపేయాలని నిర్ణయించుకుని, ఇంటి ఫోను తప్ప వేరే ఆధారం లేని వాళ్ళకు కరెంటు పోయినా కనీసం ఒక గంట ఆపద్ధర్మంగా మాట్లాడే ఏర్పాటు చేయాలని కంపెనీలకు చెప్పారు. మన ఇళ్ళలో ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి. మా ఇంట్లో గాజు తీగ పెట్టెకు చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి తగిలించాం. పెట్టె మీద రాసిన వోల్టులూ దాని మీద రాసిన వోల్టులూ ఒకటేనని సరిచూసుకుని కొనాలి. పాత ఫోనును ఆ పెట్టెకే కలిపాం. అది రాగి తీగ మీద బతికినంత స్వతంత్రంగా లేకపోయినా, చీకట్లో కొంతసేపు పలుకుతున్నది.

తోకలేని ఫోను వల్ల మా అమ్మ పరుగు మానింది. ఆ మేలు నేను మరవను. మంచం పక్కన, పెరట్లో, పొయ్యి దగ్గర, ఎక్కడ వుంటే అక్కడ కూర్చుని తాపీగా మాట్లాడుతుంది. కాని ఏ ఫోను దేని మీద ఆధారపడి బతుకుతున్నదో ఇంట్లో వాళ్ళందరికీ, ముఖ్యంగా ఒంటరిగా వుండేవాళ్ళకు, తెలిసి వుండాలి. మీ ఇంట్లోనూ ఫోను వుంటే నెలకొకసారి పట్టపగలు మెయిన్ స్విచ్ ఆపి, ఏది పలుకుతుందో ఏది పలకదో, పలికేది ఎంతసేపు పలుకుతుందో చూడండి. చీకట్లో తడుముకునే దానికన్నా వెలుతురులో తెలుసుకోవటం మేలు.