మా నాయనగారి జెనిక్సు యంత్రము

చిత్తూరునుండి వచ్చు బాట కడపకొకటి, తిరుపతికొకటిగా చీలిపోవు చోట మా పూతలపట్టు ఉన్నది. మామిడికాలమున తోతాపురి కాయల లారీలు రేయింబవళ్లు ఆ బాటను నిండియుండును. బాటకు చేరువనే యున్న మా యింటి అటకమీద, గోనెపట్టలో చుట్టబడి, ఒక కంప్యూటరు ఇరువదియారేండ్లు పడియుండెను. దానిని నేను 2025 జూను నెలలో క్రిందికి దింపితిని. అట్లు దింపుట ముచ్చట కొరకు కాదు.

మా నాయనగారు చిత్తూరులో ఒక బ్యాంకు శాఖయందు గుమాస్తాగా నుండిరి. 2024 చివర వారికి పక్షవాతము వచ్చెను. కుడిచేయి స్వాధీనము తప్పెను. మాట పూర్తిగా పోలేదు గాని, తలచిన మాటకు బదులు వేరొక మాట నోట వచ్చుచుండెను. నీళ్లు కావలసినపుడు 'తాళము' అనుచుండిరి. తప్పు పలికితినని వారికి వెంటనే తెలియును. అందుచేత సిగ్గుపడి, క్రమముగా పలుకుటయే మానివేసిరి. నెలల తరబడి గోడవైపు తిరిగి పరుండియుండిరి. వైద్యుడు, "ఆయన చేతికి అలవాటైన పని యేదేని యున్నచో దానిని ముందర పెట్టుడు" అని చెప్పెను. సేద్యము వారికి రాదు. పేకముక్కలు ముట్టరు. వారికి అలవాటైన పని అటకమీద నున్నది.

మన పాఠశాలలో చదువు బాలబాలికలకు ఆ యంత్రమును గూర్చి కొంత చెప్పవలయును. బ్యాంకులలో యంత్రములను ప్రవేశపెట్టు విధమును గూర్చి శ్రీ సి. రంగరాజన్ గారి అధ్యక్షతన రిజర్వు బ్యాంకువారు నియమించిన సంఘము 1984లో నివేదిక నిచ్చెను. ఆ తరువాత మన దేశపు బ్యాంకులు కొనిన యంత్రములలో అనేకములు యూనిక్సుతో నడిచినవి. యూనిక్సు అనునది యంత్రముయొక్క అవయవములను నడిపించుచు, మనము కోరిన పనులను వానిచేత చేయించు పెత్తనదారు వంటిది. 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనువారి చేతులలో అది పుట్టెను. 1973లో దానిని సి అను భాషలో తిరిగి వ్రాయుటచే, ఒక యంత్రమునుండి మరియొక జాతి యంత్రమునకు మార్చుట సులువయ్యెను. మైక్రోసాఫ్టు సంస్థ దాని హక్కును పొంది 1980లో జెనిక్సు అను పేర ప్రకటింపగా, కాలిఫోర్నియాయందలి శాంటాక్రూజ్ ఆపరేషన్ అను సంస్థ దానిని బల్లమీది చిన్న యంత్రములకు అమర్చెను. యంత్ర మొక్కటే యైనను, నాలుగు తెరలు తగిలించినచో నలుగురు గుమాస్తాలు ఒక్కసారిగా పనిచేయవచ్చును. బ్యాంకు శాఖలకు అంతకంటె కావలసినదేమి? థాంప్సన్, రిచీలకు 1983లో ట్యూరింగ్ బహుమానము లభించెను. అదే బహుమానమును 1994లో పొందిన యిరువురిలో ఒకరైన రాజ్ రెడ్డిగారు మన శ్రీకాళహస్తి చేరువనున్న కాటూరులో పుట్టినవారు. ఇది ప్రస్తుతము కాదు గాని, చెప్పక యుండలేకపోతిని.

మా నాయనగారి శాఖకు 1989లో ఈ యంత్రము వచ్చెను. తక్కిన గుమాస్తాలు దానిని ముట్టుటకు జంకగా, వీరు దాని ముందర కూర్చుండి, పుస్తకము చూచి నేర్చుకొనిరి. 1999లో దానిని పాతసామానుల వేలమున పెట్టిరి. అందలి లెక్కలన్నియు తుడిచివేయబడెను. ఖాళీ యంత్రమును, దానితోపాటు ఒక రేకుడబ్బాలోని ఫ్లాపీలను నాయనగారు పాడుకొని తెచ్చిరి. ఆ సొమ్ముతో రెండు మేకలు వచ్చియుండునని మా అమ్మ నేటికిని అనును.

మూత విప్పి చూడగా, లోపలి చిన్న బ్యాటరీ కారిపోయి, రాగితీగెలపై చిలుము పట్టియుండెను. చిత్తూరులో ఒక దుకాణదారునికి చూపగా, తూకమునకు ఇచ్చెదవా అని యడిగెను. ఇంటికి తెచ్చి నిమ్మరసముతో చిలుమును కడిగి, స్పిరిటుతో తుడిచి, క్రొత్త బ్యాటరీ కట్టితిని. మీట నొక్కగా డిస్కు మొదట మూలిగి, పిదప పిండిమరవలె తిరుగసాగెను. ఆ చప్పుడునకు నాయనగారు గోడవైపునుండి ఇటు తిరిగిరి.

ఫ్లాపీలు అయిదుంబాతిక అంగుళముల వెడల్పుగలవి. కొన్నింటిపై బూజు పట్టియుండెను. మొదటిదానిని పెట్టగా తెరపై 'బూట్' అను మాటయు, దాని క్రింద రెండు చుక్కలును కనబడెను. అంతే. ఏమి చేయవలయునో అది చెప్పదు. నేను తికమకపడుచుండగా నాయనగారు ఎడమచేతి చూపుడువ్రేలిని గాలిలో ఒక్కసారి క్రిందికి వంచిరి. ఎంటరు మీట నొక్కుమని యర్థము. నొక్కితిని. యంత్రము కదలెను.

డిస్కులో 820 సిలిండర్లు, 6 తలలు. అనగా 4920 జాడలు. జెనిక్సు తన్ను నిలుపుకొనుటకు ముందు ఆ జాడల నన్నింటిని శోధించును. ఈ పని గంటకు పైగా సాగెను. కర్మాగారమువారు డిస్కుపై అంటించిన చీటీలో అయిదు చెడు జాడలు వ్రాసియుండగా, ఇపుడు మరి పదునొకండు బయటపడెను. చెడిన జాడలను యంత్రము బాగుచేయదు. వాని పట్టిక వ్రాసికొని, ఒక్కొక్కదానికి బదులు మంచి జాడ నొకటి కేటాయించి, ఆ చోటును దాటిపోవుచుండును. నాయనగారు దిండు నానుకొని కూర్చుండి, లెక్క పెరుగుచుండుటను రెప్పవేయక చూచిరి. నడుమ కరెంటు పోవునేమోయని నాకు భయము. వారికిని అదే భయమని, ఇన్వర్టరు వైపు మాటిమాటికి చూచుటచే తెలిసికొంటిని.

పిమ్మట వచ్చినది అసలు చిక్కు. యంత్రము క్రమసంఖ్యను, అనుమతి గుర్తును అడిగెను. ఈ గుర్తు అర్థములేని అక్షరముల వరుస. రెండును అచ్చువేసిన కాగితము డబ్బాలో ఉండెను గాని, క్రమసంఖ్య మిగిలి, గుర్తున్న భాగము చెదలపాలయ్యెను. ఇక పని ముగిసినదనుకొంటిని. నాయనగారిని అడుగుటకు మనసొప్పలేదు. నీళ్లు అనలేనివారు ఆ అక్షరముల నెట్లు చెప్పగలరు?

వారే చేయి చాచి కీబోర్డును తమ ఒడిలోనికి లాగికొనిరి. ఎడమచేతితో కొట్టిరి. యంత్రము ఒప్పుకొనలేదు. మరల కొట్టిరి; మరల నిరాకరణ. వారి నుదుట చెమట పట్టెను. "చాలు నాయనా, రేపు చూచుకొందము" అంటిని. వారు వినలేదు. కన్నులు మూసికొని, బెడ్‌షీటుమీద వ్రేళ్లను ఒకసారి ఆడించి, మూడవమారు కొట్టిరి. యంత్రము మారుపలుకక తరువాతి ఫ్లాపీని అడిగెను. యూనిక్సు మర్యాద యిది; పని సవ్యముగా జరిగినపుడు మెచ్చుకోలు మాట యుండదు. ఆ శాఖలో ఎన్నిమార్లు డిస్కు చెడి, ఎన్నిమార్లు వారు దీనిని తిరిగి నిలిపిరో! నోటికి రానిది వ్రేళ్లలో ఉండెను.

ఫ్లాపీలన్నియు ముగియుసరికి చీకటి పడెను. అపుడు యంత్రము తేదీ నడిగెను. సంవత్సరమునకు రెండంకెలే పట్టును. యూనిక్సు గడియారము 1970 జనవరి 1 నుండి క్షణములు లెక్కించును. 25 అన్నచో 1925 అని తలచి తికమకపడునేమోయని సందేహించితిని. 1997వ సంవత్సరపు తేదీలును వారములును 2025తో సరిగా కలియును. కావున విశ్వావసు వదలి ఈశ్వర నామ సంవత్సరమునకు పోయి, 97 అని కొట్టితిని. నాయనగారు తెరను చూచి తల యూపిరి.

ఆ రాత్రి మొదలు వారు ప్రతిదినము పది గంటలకు, బ్యాంకు తెరచు వేళకు, దాని ముందర కూర్చుండుచున్నారు. మొదట చేసిన పని, తమ శాఖలోని నలుగురు గుమాస్తాల పేర లోనికి వచ్చు హక్కులు ఏర్పరచుట. వారిలో ఇరువురు గతించిరి. తగిలించుటకు వేరు తెరలును లేవు. అయినను నాలుగు పేర్లును కొట్టిరి. ఒక్క అక్షరమును తప్పలేదు.

సాయంకాలము ఆపువేళ తొందరపడి తీగె లాగిన వారికి కోపము. ఆపుమను ఆజ్ఞను తామే కొట్టి, ఇక ఆర్పవచ్చునను వాక్యము తెరపై వచ్చువరకు వేచియుందురు. మొన్న అట్లే వాక్యము వచ్చినది. వారు స్విచ్చువైపు చేయి చూపి, "తాళం" అనిరి. తప్పు పలికితినని తెలిసికొని, నా మొగము చూచి నవ్విరి. నేను స్విచ్చు ఆర్పితిని.