నాన్నకు సోకిన గాలి

మా నానమ్మ ఎనిమిది మందిని కన్నది. బతికింది ముగ్గురే. ఇద్దరు పుట్టిన నెలలోపే పోయారట. తక్కిన ముగ్గురినీ విరేచనాలు, దగ్గు, చలిజ్వరం తీసుకుపోయాయి. "ఐదేండ్లు దాటితేనే బిడ్డ మనది" అనేది నానమ్మ. గూడెంలో అందరిదీ అదే లెక్క. చావు భయం పసిపిల్లలకు, బాలింతలకు. గట్టిపడిన మనిషికి ఏమవుతుంది?

మా నాన్న అలా గట్టిపడిన మనిషే. యాభై రెండేళ్ల వయసులో కూడా కట్టెల మోపుతో గుట్ట దిగేవాడు. ఒకరోజు చేలోనే కూలిపోయాడు. మూతి వంకర పోయింది, కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. గాలి సోకిందన్నారు. మొక్కులు మొక్కాం. మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళితే, బీపీ ఎక్కువై మెదడులో నరం చిట్లిందన్నారు. "బీపీ ఎన్నేళ్ల నుంచి ఉంది?" అని డాక్టరు అడిగారు. నేను తలవంచుకున్నాను. ఆశ్రమ పాఠశాలలో పంతులుని. అయినా నాన్నకు ఒక్కసారి కూడా బీపీ చూపించలేదు. వారం తిరక్కముందే ఆయన పోయాడు.

అప్పుడు తెలిసింది, ఐదేండ్లు దాటితే ప్రమాదం పోదు, రూపు మార్చుకుంటుంది. పసివాళ్లను అంటురోగాలు వెంటనే పడగొడతాయి. సికిల్ సెల్ ఉన్న బిడ్డ మొదటి కొన్ని నెలలు బాగానే కనిపిస్తుంది, ఆ తరవాతే నొప్పులు, జ్వరాలు మొదలవుతాయి. ఎదిగే ఆడపిల్లకు రక్తహీనత, చిన్న వయసులో కాన్పు. మగపిల్లలకు సారా, తాగి నడిపే బండి. ముప్పై దాటాక ఉప్పు, చుట్ట, సారా ఏళ్ల తరబడి లోలోపల పనిచేస్తాయి. బీపీ నొప్పి పెట్టదు, జ్వరం తేదు. అందుకే మనం దాన్ని జబ్బని అనుకోం.

నాకిప్పుడు నలభై ఒకటి. పోయిన ఏడాది చూపించుకుంటే 150/100 వచ్చింది. 140/90 దాటితే ఎక్కువే. రోజూ మాత్ర వేసుకుంటున్నాను, ఎండుచేపలు, పచ్చళ్లు తగ్గించాను.

సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లలకు ఒక పని చెబుతున్నాను. "ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ సబ్‌సెంటరుకు తీసుకెళ్లండి. బీపీ, షుగరు డబ్బు లేకుండా చూస్తారు." మొన్న సంక్రాంతి తరవాత తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చీటీ తెచ్చి చూపించింది. వాళ్లమ్మకు 170. "మాత్రలు ఇచ్చారు సార్, నేనే గుర్తుచేసి వేయిస్తున్నాను" అంది.

మా నాన్నకు నేను చేయని పని ఆ పిల్ల చేసింది.