రెండు లీటర్లు: ఏ స్కాచ్ తేవాలి?

మా బీర్పూర్ వైపు దుబాయి నుంచి ఎవరన్నా దిగారంటే పెట్టె విప్పేదాకా చుట్టాలెవరూ కదలరు. ఆడవాళ్ళకి అత్తరు, సబ్బులు, పిల్లలకి ట్యాంగ్ డబ్బా, ముసలివాళ్ళకి టైగర్ బామ్, ఇంటికో మందపాటి కంబళి. ఇవన్నీ పొద్దున్నే వాకిట్లో పంచేస్తారు. సీసా మాత్రం చీకటి పడ్డాక బయటికొస్తుంది. "ఏం దెచ్చినవ్ బావా?" అని మగవాళ్ళు అడిగారంటే దాని గురించే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎటు పోయినా ఇదే వరస.

ఒక మనిషి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది రెండు లీటర్లు. దుబాయి నుంచి వచ్చేవాడు అక్కడి ఎయిర్‌పోర్టులోనే కొనేస్తాడు. సౌదీ, కువైట్‌ల నుంచి వచ్చేవాడికి ఆ వీలు లేదు కాబట్టి శంషాబాద్‌లో దిగాక డ్యూటీ ఫ్రీ షాపులో కొంటాడు. ఆన్‌సైట్ ముగించుకుని డల్లాస్ నుంచో లండన్ నుంచో దిగే మనమూ అదే షాపులో, అవే సీసాల ముందు, అదే అయోమయం మొహంతో నిలబడతాం. చివరికి సేల్స్ అబ్బాయి ఏది చేతిలో పెడితే అది కొనేస్తాం. కాకపోతే ఆ సీసా ఖరీదు మనకి ఒక పూట పనైతే, పక్కన నిలబడ్డవాడికి ఎండలో కొన్ని రోజుల పని. ఈ సోదంతా అందుకే.

ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద తాగుబోతునేం కాదు. నెలకి ఒకట్రెండు పెగ్గులు. మందు ఆరోగ్యానికి మంచిదని చెప్పే రకాన్నీ కాదు. కాకపోతే సీసా మీద చిన్న అక్షరాలతో సహా అన్నీ చదివే జబ్బుంది. (అమ్మ ఇది చదవదన్న ధైర్యంతో రాస్తున్నా :))

స్కాచ్ అనే పేరు పెట్టుకోవాలంటే షరతులున్నాయి. బ్రిటన్ వాళ్ళు 2009లో వాటన్నిటినీ ఒకచోట చేర్చి నిబంధనలు చేశారు. ధాన్యం నుంచే తీయాలి. స్కాట్లాండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు ఉంచాలి. ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. నీళ్ళూ, రంగు కోసం మామూలు కారమెలూ తప్ప ఇంకేం కలపకూడదు. ఆ కారమెల్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. సీసాని ట్యూబ్‌లైటుకి ఎత్తి చూసి "ఎంత ఎర్రగున్నది, బాగా పాతదే" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. రంగు కలిపేందుకు చట్టమే ఒప్పుకుంటుంటే రంగుని బట్టి వయసెలా చెప్తారు?

మరి మన వైన్స్‌లో దొరికేదేంటి? చవక రకాలు చాలావరకు మొలాసిస్ నుంచో నూకల నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిట్. దానికి రంగూ వాసనా చేరుస్తారు. కాస్త ఖరీదైనవాటిలో కొంచెం మాల్టు కలుపుతారు. పదేళ్ళు దానికి అలవాటుపడ్డ గొంతుకి మొదటి స్కాచ్ చప్పగా తగులుతుంది. "గిదేంది, ఎక్కుతనే లేదు" అంటారు. నిజానికి మన సీసాల్లో 42.8 శాతం, డ్యూటీ ఫ్రీ స్కాచ్‌లలో చాలావరకు 40 లేదా 43. ఎక్కడంలో పెద్ద తేడా ఏం లేదు. గొంతులో మంట తగ్గితే మందు తగ్గిందనుకుంటున్నాం, అంతే. అలాగని మన దేశంలో మంచి విస్కీ తయారవదనీ కాదు. బెంగళూరు అమృత్ వాళ్ళు తమ సింగిల్ మాల్ట్‌ని 2004లో ఏకంగా గ్లాస్గోలోనే విడుదల చేశారు. అక్కడి వేడికి పీపాలోంచి ఏటా ఆవిరైపోయేది స్కాట్లాండ్‌తో పోలిస్తే అయిదారు రెట్లు.

ఇక వయసు. సీసా మీద 12 అని ఉంటే లోపల కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నది పన్నెండేళ్ళది అని అర్థం. సగటు కాదు. బ్లాక్ లేబుల్ మీద 12 ఉంటుంది. రెడ్ లేబుల్ మీద ఏ అంకే ఉండదు. మరి అంత ఖరీదైన బ్లూ లేబుల్ మీద? దాని మీదా ఉండదు! అంకె లేనిదల్లా చవకది కాదు, అంకె పెద్దదైతే మీ నాలుకకి నచ్చుతుందన్న హామీ కూడా లేదు.

ఇంకో మాట. ఈ వయసు పీపాలో గడిపిన వయసు. సీసాలోకి దిగాక లెక్క ఆగిపోతుంది. బిడ్డ పెళ్ళికని బీరువాలో చీరల కింద పదేళ్ళు దాచిన పన్నెండేళ్ళ స్కాచ్ ఇరవై రెండేళ్ళది అవ్వదు, పన్నెండేళ్ళదే. పడుకోబెట్టి దాస్తే ఆ ఘాటుకి బిరడా పాడవుతుంది కూడా, నిలబెట్టండి. ఓసారి మూత తీశాక మాత్రం ఏళ్ళ తరబడి ఊరించకుండా కొన్ని నెలల్లో అవగొట్టడం మేలు.

ఇదంతా రాస్తుంటే నాకు విచిత్రంగా అనిపించేది ఒకటుంది. కల్లు దగ్గర మావాళ్ళని ఎవరూ మోసం చెయ్యలేరు. పోతుతాడు కల్లు వేరు, పరుపుతాడు కల్లు వేరు, ఈతకల్లు రుచి ఇంకా వేరు. పొద్దున దించిందా, నిన్నటిదా, నీళ్ళు కలిపాడా.. ఒక్క గుక్కలో చెప్పేస్తారు. అంత నాలుక ఉన్న మనిషి స్కాచ్ దగ్గరికొచ్చేసరికి డబ్బా రంగు చూసి కొంటాడు. పైగా ఆ నాలుక మీద పని చెయ్యనివ్వకుండా గ్లాసు నిండా ఐసు, కోకూ పోసేస్తాడు. కోకు కలిపితే తప్పని కాదు, రెడ్ లేబుల్‌తో బ్రహ్మాండంగా ఉంటుంది. అలా తాగేదానికి సింగిల్ మాల్ట్ డబ్బులు పోయడం ఎందుకని.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కల్లు రుచి చూసినట్టే చూడండి. ఇండియాలోనే సీసాల్లో నింపే స్కాచ్‌లు ఉన్నాయి, టీచర్స్, బ్లాక్ డాగ్, 100 పైపర్స్ లాంటివి. అక్కడి నుంచి టోకున తెప్పించి ఇక్కడ నింపుతారు కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది. ఇలాంటివి క్వార్టర్లలో కూడా దొరుకుతాయి. ఫుల్లు జోలికి పోకుండా రెండు వేర్వేరు క్వార్టర్లు తెచ్చి పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురుంటే ఇంకా మంచిది. ముప్ఫై మిల్లీ పోసి, ముందు వాసన చూసి, ఓ చెంచా మామూలు నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి. చెంచా నీళ్ళకే వాసన మారిపోవడం మీకే తెలుస్తుంది. టీచర్స్‌లో సన్నగా పొగ తగులుతుంది. బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ అనే మట్టిగడ్డల్ని కాల్చడం వల్ల వచ్చే పొగ అది. ఆ పొగ నచ్చితే డ్యూటీ ఫ్రీలో బ్లాక్ లేబుల్ వైపు వెళ్ళండి. నచ్చకపోతే గ్లెన్‌ఫిడిచ్ 12, గ్లెన్‌లివెట్ 12.. పళ్ళ వాసనతో తేలిగ్గా ఉంటాయి. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్ లాంటివి మొదటిసారే కొనకండి. మా చిన్నాయినకి ఓసారి పోసిస్తే "దవాఖాన్ల వాసనొస్తంది, ఎవనికన్న దెబ్బ తాకితె పూయుండ్రి" అని గ్లాసు పక్కన పెట్టాడు.

ఊళ్ళో ఎవరో "దుబాయి మాల్" అని సగం ధరకి ఇస్తే అసలే కొనకండి. స్కాచ్ ఖాళీ సీసాల్లో లోకల్ మందు నింపి అమ్ముతూ దొరికినవాళ్ళ వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఈ జ్ఞానమంతా మొన్న దుబాయిలో ఉన్న మా బామ్మర్దికి ఫోన్లో వినిపించాను. వాడక్కడ బిల్డింగ్ పనిలో ఉన్నాడు, రెండేళ్ళ తర్వాత దసరాకి వస్తున్నాడు. "చవకలోనే మంచివున్నయిరా, ఒక లీటరు చాలు, మిగిలిన పైసలు ఇంటికి పంపు" అన్నాను. వాడు ఓపిగ్గా విని, "బ్లాక్ లేబులంటె ఊళ్ళె అందరికి ఎరుకే బావా. పేరు తెల్వని సీసా తెస్తె సస్తాది తెచ్చిండంటరు. ఈడ పని మంచిగ లేదనుకుంటరు" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. వాడు కొంటున్నది విస్కీ కాదని అప్పటిదాకా నాకు తట్టలేదు. మనమూ క్లయింటు దేశం నుంచి మేనేజరుకి సింగిల్ మాల్ట్ మోసుకొచ్చేటప్పుడు రుచి చూసి మోస్తున్నామా ఏంటి?

2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంలో విస్కీ మీద సుంకాన్ని 150 శాతం నుంచి 75కి, ఆ తర్వాత పదేళ్ళలో 40కి దించాలని రాసుకున్నారు. సీసా ధరలో సుంకం ఒక భాగమే, రాష్ట్రం పన్నులు వేరే ఉన్నాయి కాబట్టి సగానికి సగం తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. కానీ ఎంతో కొంత తగ్గి, బ్లాక్ లేబుల్ జగిత్యాల వైన్స్‌లోనే మామూలుగా దొరికేదైతే, అప్పుడు దుబాయి నుంచి వచ్చేవాడు ఏం తేవాలో మా బామ్మర్దినే అడగాలి. ప్రస్తుతానికి వాడు రెండు లీటర్లూ బ్లాక్ లేబులే తెస్తున్నాడు. ఒకటి పంచడానికి, ఒకటి వాళ్ళ బాపు బీరువాకి. నిలబెట్టి పెట్టమని మాత్రం చెప్పాను.