చెల్లెలికి వ్రాసిన ఒక్క మందు

రంజాను మాసం చివరి రోజులలో మా చెల్లెలి చేతినుండి టీ గ్లాసు మూడుసార్లు జారిపడింది. సహరీ ముగిసిన పిదప, ఇంకా తెల్లవారకముందే, ఆమె భుజాలు ఉలికిపడినట్లు ఒక్కసారి అదిరేవి, గాజుగ్లాసు నేలపాలయ్యేది. నిద్రమత్తు కాబోలునని అమ్మీ మందలించి స్టీలు గ్లాసు ఇచ్చింది. షబె ఖదర్ రాత్రి అంతా మేల్కొని ప్రార్థనలు చేసిన మరునాటి ఉదయమే ఆమె పెరటిలో స్పృహతప్పి, కాళ్ళుచేతులు కొట్టుకొంటూ పడిపోయింది. ఇరుగుపొరుగువారు పరుగున వచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. రెండు మూడు నిమిషాలలో మూర్ఛ తనంత తానే ఆగింది. కీర్తి మాత్రం తాళంచెవులకు దక్కింది.

ఆ తరువాత మేము చేసిన పొరపాటును దాచదలచుకోలేదు. రొయ్యల గుంటల మీద పనిచేసే మా మామూకు తలకు దెబ్బ తగిలిన నాటినుండి ఫిట్స్ వచ్చేవి. కార్బమజెపైన్ మాత్రలతో ఆయన నాలుగేళ్ళుగా సుఖంగా ఉన్నాడు. జబ్బు ఒకటే గదా, మందూ ఒకటే కావాలి గదా అనుకొని ఆయన మాత్రలనే చెల్లెలికి వేశాము. వారం తిరగకముందే ఉదయపు అదురుపాట్లు ఇబ్బడిముబ్బడి అయ్యాయి. మందు చాలలేదు, మరొకటి జోడించండి అని సలహా చెప్పినవారికి కొదువ లేదు. అప్పుడుగాని మేము విడవలూరులో బస్సెక్కి, కోవూరు మీదుగా పెన్న దాటి నెల్లూరు పోలేదు.

వైద్యుడు మూర్ఛను గురించి అడుగకముందే, "ఉదయంపూట చేతిలోని వస్తువులు జారిపోతున్నాయా అమ్మా?" అని అడిగాడు. అమ్మీ నివ్వెరపోయింది. మెదడు విద్యుత్తరంగాలను గీసే ఈఈజీ పరీక్ష ఆయన అనుమానాన్ని బలపరచింది. మామూది మెదడులో ఒకచోట పుట్టి వ్యాపించే మూర్ఛ. చెల్లెలిది యౌవనారంభంలో కనిపించే, మెదడు రెండు భాగాలనూ ఒకేసారి తాకే మరొక రకం. నిద్రలేమి దానికి ఆజ్యం పోస్తుంది. ఒకరికి ప్రాణం నిలిపిన కార్బమజెపైన్ రెండవ రకంలోని అదురుపాట్లను హెచ్చించగలదని ఆనాడే తెలిసింది.

రెండు మందులు కలిపి వ్రాయమని నేనే అడిగాను. ఆయన నవ్వాడు. పూర్వం అలాగే వ్రాసేవారట. 1970లలో లండన్‌లో రేనాల్డ్స్, షార్వన్ మొదలైనవారు, కొత్తగా జబ్బు బయటపడినవారిలో అనేకులకు సరియైన మోతాదులో ఒక్క మందే చాలునని చూపారు. 2000లో గ్లాస్గో వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిలో 47 శాతం మందికి మొదటి మందుతోనే మూర్ఛలు నిలిచాయి. రెండవదానికి మార్చినప్పుడు మరి 13 శాతం మందికి. మొదటి మందుకు ఇంత బరువున్నదన్నమాట. అయితే ఆ మొదటిది ఏది?

ఇక్కడే మా ఇంటి తగవు మొదలైంది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ వైద్యుల నేతృత్వంలో చీట్లు వేసినట్లు రోగులను విభజించి మందులను పోల్చారు. చెల్లెలి వంటి రకాలవారు, రకం తేలనివారు 716 మందిపై 2007లో వెలువడిన ఫలితంలో సోడియం వాల్ప్రోయేట్ లామోట్రిజిన్ కంటె, టోపిరమేట్ కంటె మేలనిపించుకొన్నది. 2021లో మరి 520 మందిపై లెవిటిరాసిటామ్‌తో పోల్చినప్పుడు కూడా వాల్ప్రోయేటే గెలిచింది. ఇదంతా విప్పిచెప్పి, వైద్యుడు కాగితం మీద వ్రాసినది మాత్రం ఓడిన లెవిటిరాసిటామ్!

"ఆడపిల్లకు తక్కువ మందా?" అన్నది అమ్మీ. ఆ మాటలో కోపంకంటె అవమానమే ఎక్కువ.

ఆయన విసుగు చెందలేదు. గర్భిణి వాల్ప్రోయేట్ వాడితే పుట్టే పదిమందిలో సుమారు ఒకరికి అవయవలోపాలు, ముగ్గురు నలుగురికి మాట, చదువు, నడవడిలో ఎదుగుదల లోపాలు రావచ్చునట. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో 1998నుండి మూర్ఛగల గర్భిణుల వివరాలు నమోదు చేస్తున్న కేరళ రిజిస్ట్రీ కూడా వాల్ప్రోయేట్ అపాయాన్ని గుర్తించింది. "నీకిప్పుడు పదిహేడేళ్ళమ్మా. ఈ మందు నీవు ఎన్నేళ్ళో వాడవలసి రావచ్చు" అని ఆయన చెల్లెలితోనే చెప్పాడు, అమ్మీతో కాదు. లామోట్రిజిన్ మాటేమిటని నేను అడిగాను. ఒంటిమీద దద్దుర్లు లేవకుండా వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలట. కొందరిలో అదురుపాట్లనూ పెంచుతుందట.

నా మట్టుకు నాకు ఆ తీర్పు న్యాయమనిపించింది. కాని దాని వెల చెల్లెలే చెల్లించింది. మాత్రలు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. మూర్ఛ మరల రాలేదుగాని, సాధుస్వభావురాలైన పిల్ల చిన్నమాటకే కంచం నెట్టివేసేది. ఆ చిరాకు మందు చేసే పని కావచ్చునని ముందే చెప్పి ఉండకపోతే ఎన్ని తాయెత్తులు కట్టేవారమో! అదురుపాట్లు అప్పుడప్పుడు మిగిలినప్పుడు వైద్యుడు రెండవ మందు చేర్చలేదు, ఉన్నదాని మోతాదునే పెంచాడు. రెండూ కలిపితే మేలు ఏది చేసిందో, కీడు ఏది చేసిందో ఎవరు చెప్పగలరన్నాడు. చిరాకు భరించరానిదైతే మందు మార్చుదామనీ అన్నాడు. ఆరు వారాలకు ఆమె కొంత కుదుటపడింది.

ఈ యేటి రంజానుకు ఉపవాసముంటానని ఆమె పట్టుబట్టింది. రోగికి మినహాయింపు ఉన్నదని అబ్బా నచ్చజెప్పాడు. మాత్రలను సహరీకి, ఇఫ్తారుకు సర్దవచ్చుగాని, తెగిన నిద్రను సర్దలేమని వైద్యుడన్నాడు. తొలి సహరీ జామున ఇంటిల్లిపాదీ లేచాము, ఆమెను లేపలేదు. ఏడు గంటలకు తానే లేచి వచ్చి, మాత్ర వేసుకొని, స్టీలు గ్లాసును పక్కకు జరిపి గాజుగ్లాసు అడిగింది. అమ్మీ ఒక క్షణం తటపటాయించి, సగానికే టీ పోసి ఇచ్చింది.