నీళ్లు తాగనివ్వని ఉద్యోగం

వేసవి సంచికకి కిడ్నీ రాళ్ల మీద ఏదైనా రాసుకురమ్మని ఎడిటరుగారు పంపితే గుంటూరులో ఒక ఆస్పత్రికి వెళ్లాను. కొత్తగా వచ్చిన లేజర్ యంత్రం చూపిస్తామన్నారు. నేను ల్యాబ్ దగ్గరే ఆగిపోయాను.

టెక్నీషియన్ పెద్దాయన. సెంట్రిఫ్యూజ్‌లోంచి మూత్రం ఉన్న గాజుగొట్టం తీసి, పైతేటని ఒక్క ఊపున వంపేసి, అడుగున మిగిలిన చుక్కని స్లైడు మీద వేశాడు. కవర్‌స్లిప్‌ని ఓ అంచున ఆనించి మెల్లగా వాల్చాడు. ఒక్క బుడగ లేదు. నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం తొణకలేదు. మైక్రోస్కోపులో చూడమన్నాడు. తళతళలాడే చదరాలు, ఒక్కోదాని మీదా ఇంటూ గుర్తు, అంటించిన పోస్టు కవరు వెనకవైపులా. కాల్షియం ఆక్సలేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువభాగం ఈ సరుకే. "ఇవి కనబడగానే రాయి ఉన్నట్టు కాదండీ" అన్నాడాయన.

కాల్షియం, ఆక్సలేట్ రెండూ అందరి మూత్రంలోనూ కరిగి ఉండేవే. ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడితే కరగడానికి చోటుచాలక పలుకులు కడతాయి. పలుకు మీద పలుకు పేరుకుంటే రాయి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. నిమ్మకాయలోని సిట్రేట్ పలుకు కట్టకుండా అడ్డుపడుతుంది. రాయి మూత్రనాళంలోకి జారి ఇరుక్కున్నప్పుడే ఆ ప్రాణంతీసే నొప్పి. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పడిపోతాయి.

గోడ మీద పథ్యం పట్టిక ఉంది: టమాటా వద్దు, పాలు వద్దు. చూస్తే ఒళ్లు మండింది. పాలు, పెరుగు మానేస్తే అసలుకే మోసం. తిండిలోని కాల్షియమే పేగుల్లో ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేది.

బయట బెంచీ మీద ఒక తల్లీకూతుళ్లు. పిల్ల బట్టల షాపులో పనిచేస్తుందట.

"నీళ్లు తాగవే అంటే వింటదా?" అంటోంది తల్లి.

"తాగితే ఒంటికెళ్లాలి గదమ్మా. మాకు షాపులో బాత్రూం యాడుంది? పక్క కాంప్లెక్సుకి పోతే సూపర్‌వైజరు టైము చూసుకుంటాడు."

గోడ మీది పట్టికలో ఈ మాట లేదు. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి, అందుకు తగ్గట్టు నీళ్లు తాగమని డాక్టర్లు చెబుతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు మడిచే పిల్ల ఆ నీళ్లు తాగి ఎక్కడికి పోవాలి? లేజర్ రాయిని పిండి చేస్తుంది, కాదనను. కానీ ఒకసారి రాయి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, ఈ పిల్ల మళ్లీ ఆ షాపుకే పోవాలి. ఫ్యాక్టరీలో అయితే తాగునీరు, మరుగుదొడ్డి రెండూ యజమాని ఏర్పాటు చేయాల్సిందేనని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది. ఏసీ షోరూములో నిలబడే ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఎవరికీ పట్టదు.

ఈసారి పెళ్లిబట్టలకి వెళ్లినప్పుడు, బేరానికి ముందు, మీ అమ్మాయిలకి బాత్రూం ఎక్కడండీ అని ఓనరుని అడగండి.