నీడను సూసి తియ్యి, బిడ్డా!

'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లీ కురిపించిన వెన్నెలను మరిచిపోగలమా? అందులో రంగన్నది లేదు. ఉన్నవల్లా నలుపుకూ తెలుపుకూ మధ్య మెట్లే. ఆ మెట్లు నాకూ పట్టుబడతాయేమోనన్న ఆశతో, పాత కెమెరా, మూడు బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు సంచీలో వేసుకుని, మృగశిర కార్తెలో కరీంనగర్ బస్సెక్కాను. రీళ్ళు విదేశాలవే. ఊటీలో తయారైన మన 'ఇందు' ఫిల్ము కథ ఎప్పుడో ముగిసింది.

మొదటి మజిలీ జగిత్యాల. ఇక్కడి కోట 1747 నాటిదంటారు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్ల పేర్లే ఊరి పేరయ్యాయని జనం చెప్పుకుంటారు. బురుజు మీద ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. కాని ఫిల్ము కంటికి నీలం కూడా తెల్లగానే ఆనుతుంది. అందుకని ఎర్ర ఫిల్టరు తగిలించాను. ఆకాశం నల్లబడి రాయి ముందుకొస్తుంది. దానికి కట్టే సుంకం మూడు స్టాపుల వెలుగు. అయితే ఇక్కడో చిక్కుంది సుమండీ! నీడలకు వెలుగునిచ్చేది ఆ నీలాకాశమే. ఎర్రద్దం దాన్నీ ఆపేస్తుంది, కందకంలోని నీడ బొగ్గయిపోతుంది. ఎర్రది తీసి పసుపుది పెట్టాను. సుంకం ఒక్క స్టాపే, నీడలూ బతికాయి.

కోరుట్ల చేరేసరికి మబ్బు కమ్మింది. దుక్కులు, నారుమళ్ళు, దూరాన గుట్టలు అన్నీ ఒకే బూడిదరంగు. ఇలాంటి రోజున తీసిన ఫిల్మును డెవలపర్‌లో పావు వంతు ఎక్కువసేపు ఉంచితే తెలుపులు పైకి లేస్తాయి, నీడలు పెద్దగా కదలవు. రీలంతా ఒకే తొట్టిలో పడుతుంది కనుక మబ్బుకో రీలు, ఎండకో రీలు విడిగా పెట్టుకోవాలి.

అక్కణ్ణుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల. వీధి మలుపు తిరిగితే చాలు, మరమగ్గాల చప్పుడు. ఇక్కడికి మాత్రం నేను వేరే పనిమీద వచ్చాను. మధ్య మానేరు నిండకముందు, 2017 ఎండాకాలంలో, అమ్మమ్మ ఊళ్ళో ఒక రీలు తీశాను. మిట్టమధ్యాహ్నం. మీటరు మాట నమ్మాను. అది దేన్ని చూసినా నడిమి బూడిదే అనుకుంటుంది. ఆ రోజు చూసింది ఆకాశాన్నీ, సున్నం గోడల్నీ. అవి చక్కగానే వచ్చాయి. వేపచెట్టు నీడన అమ్మమ్మ కూచున్నచోట మాత్రం నెగిటివ్ ఉత్త గాజుపలకలా ఉంది.

ఇక్కడ తెలిసిన స్టూడియో పెద్దాయనకు దాన్ని చూపించాను. ఆయన దీపానికెదురుగా పట్టి చాలాసేపు చూశాడు.

"ఫిల్ముల పడని నీడ ఎంత కడిగినా రాదు బిడ్డా. నీడను సూసి తియ్యాలె. ఎలుగుదేమున్నది, కడిగేకాడ ఆపుకోవచ్చు."

"ఇగ ఏం చెయ్యలేమా కాకా?"

"మళ్ల పోయి తియ్యి."

ఎక్కడికి పోను? ఊరు నీళ్ళ అడుగునుంది. అమ్మమ్మా లేదు. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను.

1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 'జోన్ సిస్టమ్' అని సూత్రం కట్టిన విద్యకు మూలం కాకా చెప్పిన ముక్కే. నీడను బట్టి ఎక్స్‌పోజర్, వెలుగును బట్టి డెవలప్‌మెంట్.

సాయంత్రం మానేరు ఒడ్డుకు వెళ్ళాను. నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఒడ్డున ఒక ఎండిన మొద్దు. ఈసారి మీటరును నీళ్ళకేసి తిప్పలేదు. మొద్దు నీడను కొలిచి, అది చెప్పినదానికన్నా రెండు స్టాపులు తగ్గించి తీశాను. కడిగేటప్పుడు అయిదో వంతు సమయం కోసేశాను. ప్రింటులో నీళ్ళ మెరుపు ఉత్త కాగితం కాలేదు. మొద్దు వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఆ ప్రింటు పక్కనే పాత నెగిటివ్ కూడా దాచుకున్నాను. అందులో కనబడకపోయినా అమ్మమ్మ కూచున్న చోటు నాకు తెలుసు. మీరు ఫిల్ము కెమెరాతో మీ ఊరు వెళితే, ముందు చెట్టుకింద ఎవరున్నారో చూసి, అక్కడ మీటరు పెట్టండి.